హుంగ్ హోమ్‌లో విన్న గొంతు

మా ఆయన ఉద్యోగరీత్యా 2001 జూన్‌లో మేము హాంకాంగ్ చేరినప్పుడు, కౌలూన్ వైపున్న హుంగ్ హోమ్ అనే పేటలో, ఒక పాత భవనం పద్నాలుగో అంతస్తులో మాకు చిన్న ఇల్లు అద్దెకు దొరికింది. ఆ ఇంటి వంటగది ఎంత ఇరుకంటే ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగిపోవాలి. కిటికీ తెరిస్తే ఆకాశమూ కనిపించదు, వీధీ కనిపించదు. గాలి వెలుతురుల కోసం భవనం నడుమ బావిలాగా వదిలిన ఖాళీ, ఆ ఖాళీకి అవతల చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా పక్కింటివారి వంటింటి కిటికీ మాత్రమే కనిపించేవి. ఒక సాయంత్రం నేను పప్పులోకి పోపు వేస్తుండగా ఆ కిటికీలోంచి ఒక పాట వినిపించింది. భాష తెలియదు, పాడుతున్నది ఎవరో తెలియదు. పాట సగానికి వచ్చేదాకా అది ఆడగొంతో మగగొంతో కూడా తేల్చుకోలేకపోయాను.

సుశీల, జానకి పాటలు వింటూ పెరిగిన చెవికి ఆడవారి పాట అంటే పైస్థాయిలో తీగలా సాగే తియ్యదనమే అలవాటు. ఈ గొంతు మాత్రం మంద్రంలో మొదలై, తొందర లేకుండా అక్కడక్కడే తిరుగుతూ, పైకి వెళ్ళవలసి వచ్చినప్పుడు కూడా తన బరువును తనతోపాటు మోసుకుంటూ వెళ్ళింది. పొయ్యి మీద ఆవాలు మాడిపోయిన సంగతి వాసన వచ్చేదాకా గమనించలేదు.

ఆ వాసనే మాకు పరిచయం కలిపింది. మరునాడు పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, ముక్కు దగ్గర వేళ్ళు ఆడించి, ఏమిటది అన్నట్టు నవ్వుతూ సైగ చేశారు. ఇంగువ డబ్బా తెచ్చి చూపించాను. ఆవిడకు ఇంగ్లీషు పదో ఇరవయ్యో మాటలు వచ్చు, నాకు అక్కడివారి భాష కాంటనీస్‌లో ఒక్క ముక్క రాదు. బ్యాంకులో పనిచేసే ఆవిడ మనవరాలు సాయంత్రం ఇంటికి వచ్చాక మా ఇద్దరికీ దుబాసీ అయింది. ఆవిడను ఏమని పిలవాలని అడిగితే ‘పోపో’ అనమంది. అక్కడ అమ్మమ్మను అలా పిలుస్తారు. బంధుత్వం లేకపోయినా ఆ వయసు స్త్రీలందరినీ అలాగే పిలుస్తారు, మనం ఊళ్ళో పెద్దవారిని అమ్మమ్మగారూ అన్నట్టే.

నిన్నటి పాట ఎవరిదని అడిగాను. పోపో ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. “మూయ్ చే” అన్నారు. చే అంటే అక్క. పూర్తి పేరు మూయ్ యిమ్ ఫాంగ్. బయటి ప్రపంచానికి అనీటా మూయ్. మూయ్ అన్నది ఇంటిపేరు, చలికాలంలో మంచును చీల్చుకుని పూసే ఒక చెట్టు పువ్వుకు కూడా అదే పేరు. హాంకాంగ్‌లో టాక్సీ నడిపేవారి నుంచి కోటీశ్వరుల దాకా ఆమెను అక్క అనే పిలుస్తారని మనవరాలు చెప్పింది. ఆ రాత్రి క్యాసెట్టు కవరు మీద ఫొటో చూసినప్పుడు నాకు ఇంకో ఆశ్చర్యం కలిగింది. జాకీ చాన్ ‘రంబుల్ ఇన్ ద బ్రాంక్స్’ మన ఊళ్ళో ఆడినప్పుడు అందరితో పాటు నేనూ చూశాను. అందులో సూపర్ మార్కెట్ కొనుక్కుని రౌడీల చేత నానా తిప్పలూ పడే ఆవిడ ఈమే! మనకు ఆమె జాకీ చాన్ పక్కన కనబడిన ఒక నటి. వాళ్ళకు మాత్రం జాకీ చాన్ ఎంతో ఈమే అంత.

పోపో 1960లలో ప్లాస్టిక్ పువ్వులు చేసే కార్ఖానాలో పనిచేసేవారు. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని లైచీకాక్‌లోని వినోదశాలకు వెళ్ళేవారు. 1949లో తెరిచి 1997లో మూసేసిన ఆ చోటును ఊరంతా ‘లై యున్’ అనేవారు. రంగులరాట్నాలు, బొమ్మల దుకాణాలు, ఒక చిన్న జంతుశాల, అందులో ఒక ఏనుగు, వీటి మధ్య పాటల వేదికలు ఉండేవి. అక్కడ చిన్నారి అక్కాచెల్లెళ్ళిద్దరు కలిసి పాడుతుంటే జనం మూగేవారట. పెద్దది ఓయ్ ఫాంగ్, చిన్నది యిమ్ ఫాంగ్. 1963 అక్టోబరు 10న పుట్టిన ఆ చిన్నది వేదిక ఎక్కేటప్పటికి దానికి నాలుగేళ్ళు దాటి కొద్ది నెలలు. నలుగురు బిడ్డల్లో కడగొట్టుది. తండ్రి దానికి ఊహ తెలియక ముందే పోయాడు. కుటుంబం గడవడానికి తల్లి పాటల బృందం నడిపేది, పిల్లలు అందులో పాడేవారు.

మన దగ్గర ఒకప్పుడు నాటకాల్లో వేసే స్త్రీలను చూసిన చూపే అక్కడ ఇలా పాడే పిల్లలకూ ఎదురయ్యేది. వాళ్ళను ‘కో నోయ్’ అనేవారు. మాటకు అర్థం పాటపిల్ల అనే గానీ, దాన్ని పలికేటప్పుడు పెదవి ఒక పక్కకు వంకర పోయేదని పోపో చేసి చూపించారు. బడిలో తోటిపిల్లలు దగ్గరకు రానిచ్చేవారు కారు. సాయంత్రం బడి వదలగానే వేదిక, వేదిక తరవాత ఇంకో వేదిక, కాస్త పెద్దయ్యాక నైట్‌క్లబ్బులు. ఒక్కొక్క రోజు ఆరు చోట్ల కూడా పాడవలసి వచ్చేది.

నన్ను మొదటిరోజు వంటింట్లో నిలబెట్టేసిన ఆ గొంతు ఎలా వచ్చిందో తెలిసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అంత చిన్న వయసులో అంతగా పాడించడం వల్ల పదిహేనేళ్ళ ప్రాంతంలో ఆమె స్వరతంతువుల మీద కాయలు కాచాయి. వైద్యులు ఇక పాడవద్దన్నారు. ఏడాదిపాటు పాట మానేసి, బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వెళ్ళింది. ఏడాది తరవాత తిరిగి నోరు విప్పేసరికి గొంతు ఒక స్థాయి కిందికి దిగిపోయి ఉంది. ఇంకొకరైతే గొంతు పోయిందనుకుని పాట మానుకునేవారేమో. ఆమెకు మానుకునే వీలు లేదు, ఇల్లు గడవాలి. మిగిలిన గొంతుతోనే మళ్ళీ వేదిక ఎక్కింది. లోకం తరవాత ఇరవై ఏళ్ళు చెవులప్పగించి విన్నది ఆ దెబ్బతిన్న గొంతునే.

1982లో టీవీబీ టెలివిజన్ సంస్థ, కాపిటల్ ఆర్టిస్ట్స్ అనే రికార్డు కంపెనీ కలిసి కొత్త గాయకుల కోసం మొదటిసారి పోటీ పెట్టాయి. మూడు వేల మందికి పైగా వచ్చారు. పద్దెనిమిదేళ్ళ ఈ పిల్ల అప్పటికే పేరున్న గాయని పౌలా చోయ్ పాటను, ‘గాలుల ఋతువు’ అని అర్థం వచ్చే పాటను, ఎంచుకుని పాడి గెలిచింది. కొత్త గాయకుల పోటీలో నెగ్గిన ఆ పిల్లకు అప్పటికే పద్నాలుగేళ్ళ వేదిక అనుభవం ఉంది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన సంగీత దర్శకుడు మైకేల్ లై తరవాత ఆమె తొలి రికార్డులకు అండగా నిలిచాడు. ఆ రాత్రి టెలివిజన్ ముందు కూర్చున్న పోపోకు, పిల్ల మైకు పట్టుకున్న తీరు చూడగానే లై యున్ వేదిక గుర్తుకొచ్చిందట.

ఆ రోజుల్లో కాంటనీస్ పాటల పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. 1970ల ముందు దాకా హాంకాంగ్‌లో చదువుకున్నవారు ఇంగ్లీషు పాటలో, చైనా అధికార భాష మాండరిన్ పాటలో వినేవారు. ఇంట్లో మాట్లాడుకునే భాషలో పాడటం చిన్నతనంగా చూసేవారు. శామ్ హుయ్ లాంటి గాయకులు, టెలివిజన్ ధారావాహికల పాటలు వచ్చాక ఆ గాలి మారింది. 1980లకు వచ్చేసరికి ఇంటింటా కాంటనీస్ పాటే. రికార్డు కంపెనీలు ఏడాదికి ఇన్ని ఆల్బములని వేస్తుంటే అక్కడున్న కొద్దిమంది స్వరకర్తలు ఎన్నని కట్టగలరు? అందుకని జపాన్ పాటల బాణీలు హక్కులు కొని తెచ్చి, వాటికి కాంటనీస్ మాటలు రాయించేవారు. బాణీ ముందు, మాట తరవాత అన్న పద్ధతి మన సినిమా కవులకు కొట్టిన పిండే. కానీ కాంటనీస్ కవికి అదనంగా ఒక సంకెల ఉంది. ఆ భాషలో ఒకే అక్షరాన్ని ఆరు స్వరాల్లో పలుకుతారు, స్వరం మారితే అర్థం మారుతుంది. ‘సీ’ అన్న ఒక్క అక్షరమే ఎత్తి పలికితే కవిత, ఇంకోలా పలికితే చరిత్ర, మరోలా ప్రయత్నం, కాలం, బజారు, సంగతి. కాబట్టి బాణీ ఎక్కేచోట ఎక్కే మాట పడాలి, దిగేచోట దిగే మాట పడాలి. లేకపోతే పాడేది ఒకటి, వినబడేది ఇంకొకటి అవుతుంది.

ఇదంతా నాకు పోపో వేలితో నేర్పారు. నేను ఒక నోటు పుస్తకం కొనుక్కుని, ఆవిడ పాట ఆపి ఆపి చెబుతుంటే ఒక్కొక్క మాటా తెలుగు లిపిలో రాసుకునేదాన్ని. హల్లుకు ఒత్తూ అచ్చుకు దీర్ఘమూ సరిగా పెట్టుకోగలిగే మన లిపిలో రాసుకున్నాక నేను చదివితే ఆవిడకు చాలావరకు అర్థమయ్యేది. అర్థం కానిచోట ఆవిడ చూపుడువేలు గాలిలో లేచేది. ఇక్కడ పైకి, ఇక్కడ కిందికి, ఇక్కడ జారు, ఇక్కడ నిలుపు. నేను అక్షరాల నెత్తిన చిన్నచిన్న బాణపు గుర్తులు పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మా చదువు. ఆవిడ వేడినీళ్ళ ఫ్లాస్కు తెచ్చుకునేవారు, నేను జంతికలు పెట్టేదాన్ని.

మేము మొదట పూర్తిగా రాసుకున్నది 1985 నాటి ‘ఛీ సోయ్ లౌ నిన్’. నీటిలా వెళ్ళిపోయే ఏళ్ళు అని అర్థం. యిమ్ హో తీసిన ‘హోమ్‌కమింగ్’ అనే సినిమా కోసం జపాన్ సంగీతకారుడు కిటారో కట్టిన బాణీకి చెంగ్ క్వోక్ కోంగ్ మాటలు రాశాడు. పాడినప్పుడు ఆమెకు ఇంకా ఇరవై రెండేళ్ళు నిండలేదు. వెళ్ళిపోయిన కాలాన్ని తలచుకుని నిలబడిన మనిషి మాటలవి. ఆ వయసు పిల్ల వాటిని ఎక్కడా వణుకు లేకుండా, కన్నీటిని కలపకుండా, సముద్రం ఒడ్డున కూర్చుని తనలో తాను చెప్పుకుంటున్నట్టు పాడింది. మాంగ్‌కాక్‌లోని సినో సెంటర్‌లో పాత రికార్డులు అమ్మే కొట్లు వరసగా ఉండేవి. అక్కడ ఆ రికార్డు కోసం రెండు శనివారాలు తిరిగి, మూడో శనివారం దొరికించుకున్నాను. అట్ట అంచులు పసుపుబారాయి, లోపల మడతపెట్టిన పాటల కాగితం మీద ఎవరో పాఠశాల పిల్ల నీలం సిరాతో కొన్ని మాటల కింద గీతలు గీసుకుంది. మా దగ్గర గ్రామఫోను లేదు. అయినా ఇప్పటికీ అది మా బీరువాలో ఉంది.

అదే గొంతు ఆ వెంటనే ‘చెడ్డపిల్ల’ అని పాడింది. షీనా ఈస్టన్ ఇంగ్లీషు పాటకు లామ్ చన్ కోంగ్ రాసిన కాంటనీస్ మాటలవి. కోరికను ఆడది నోరు తెరిచి చెప్పే పాట కావడంతో ఇంటింటా గొడవయింది, ఇంటింటా ఆ రికార్డూ చేరింది; నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయిందంటారు. పోపో కూతురు అప్పుడు హైస్కూల్లో ఉంది. ఇంట్లో ఆ పాట పెట్టవద్దని పోపో గదమాయించారట. పదేళ్ళ తరవాత, 1995లో, గ్వాంగ్‌జౌలో కచేరీకి వెళితే అక్కడి అధికారులు ఆ పాట పాడకూడదన్నారు. చివరి రోజున ఆమె పాడేసింది. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పోపో గొంతులో గర్వమే వినిపించింది.

వేదిక మీద ఆమె ఏటికేడు రూపం మార్చుకునేది. మగవాడి సూటులో ఒక రాత్రి, అరబ్బు రాణిలా ఒక రాత్రి. ‘వంద రూపాల మూయ్ యిమ్ ఫాంగ్’ అన్న బిరుదు అలా వచ్చింది. ఆ దుస్తులన్నిటి వెనక ఎడ్డీ లావ్ అనే రూపకర్త ఉన్నాడు. 1985 నుంచి 1989 దాకా వరసగా ఐదేళ్ళు టీవీబీ వారి ఉత్తమ గాయని పురస్కారం ఆమెదే. 1987 చివర మొదలుపెట్టి హాంకాంగ్ కోలీజియంలో వరసగా 28 రాత్రులు పాడింది. అప్పటికి ఆమె వయసు 24. మా ఇంటికి పది నిమిషాల నడకలో, హుంగ్ హోమ్ రైల్వే స్టేషను పక్కన, పిరమిడ్‌ను తలకిందులుగా నిలబెట్టినట్టుండే భవనమే ఆ కోలీజియం. పన్నెండు వేలకు పైగా జనం పట్టే ఆ చోట పాడటం అక్కడి గాయకులకు పట్టాభిషేకం లాంటిది.

సినిమాల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క ‘రూజ్’ తప్ప. స్టాన్లీ క్వాన్ తీసిన ఆ సినిమాలో ఆమె 1930ల నాటి వేశ్య. ప్రేమికుడితో కలిసి చనిపోవాలని నల్లమందు తిని, యాభై ఏళ్ళ తరవాత అతన్ని వెతుక్కుంటూ హాంకాంగ్ వీధుల్లోకి దయ్యమై తిరిగివస్తుంది. ఆ ప్రేమికుడి వేషం లెస్లీ చెంగ్‌ది. దానికి 1987లో తైవాన్ గోల్డెన్ హార్స్ పురస్కారం, 1989లో హాంకాంగ్ పురస్కారం ఆమెను వరించాయి. పాత ఊరు మాయమైపోయిన చోట, తాను ఎరిగిన నాటకశాల ఏదీ కనిపించక, ఆ దయ్యం బిత్తరపోయి నిలబడే దృశ్యం దగ్గర పోపో ఎప్పుడూ క్యాసెట్టు ఆపి, లేచి వెళ్ళి టీ పెట్టేవారు.

ఇక నా ఈ జ్ఞాపకాలన్నిటికీ నడుమన ఉన్న పాట 1989లో వచ్చింది. కోజీ మకాయినో కట్టగా మసాహికో కొందో పాడిన ఒక జపాన్ పాట బాణీని ఆ ఏడు ఇద్దరు గాయనులు ఎవరికివారు తెచ్చుకున్నారు. ప్రిసిల్లా చాన్ పైచదువుకు అమెరికా వెళుతూ వీడ్కోలుగా ‘ఛిన్ ఛిన్ క్యూత్ కో’ పాడింది. అదే బాణీకి చాన్ సియు కేయ్ మాటలతో మూయ్ చే ‘చిక్ యోంగ్ చీ కో’ పాడింది. అస్తమించే సూర్యుడి పాట. ఏది గొప్పదని ఊరు రెండుగా చీలి వాదించుకుంది. పోపో కూతురు అటు, పోపో ఇటు. ఏడాది చివర టీవీబీ వారి అత్యున్నత పాట పురస్కారం మూయ్ చే పాటకు వచ్చింది. నేను రెండూ చాలాసార్లు విన్నాను. మొదటిది వెళ్ళిపోయే స్నేహితురాలి చెయ్యి పట్టుకుంటుంది. రెండోది ఎవరి చెయ్యీ పట్టుకోదు. బతుకంతా నడిచి నడిచి అలసినవారు కొండ మీద ఆగి, ఇంత అందమైన వెలుగు ఇంత కొద్దిసేపేనా అని చూస్తున్నట్టుంటుంది. నా మటుకు రెండో పాటే గొప్పది.

ఆ ఏడే మే 27న, ప్రజాస్వామ్యం కోసం ఆందోళన చేస్తున్న బీజింగ్ విద్యార్థులకు మద్దతుగా హ్యాపీ వ్యాలీ గుర్రప్పందేల మైదానంలో జరిగిన పెద్ద కచేరీలో ఆమె పాడింది. మరుసటి ఏడు, ఇక మీదట పోటీ పురస్కారాలు తీసుకోనని, కొత్తవారికి దారి ఇవ్వాలని ప్రకటించింది. మాట కోసం అన్న మాట కాదది. తన వెనక నాట్యం చేసే ముగ్గురు కుర్రాళ్ళను గ్రాస్‌హాపర్ అనే గాయక బృందంగా నిలబెట్టింది. ఆండీ హుయ్‌ను, తరవాతి రోజుల్లో డెనీస్ హోను శిష్యులుగా చేరదీసింది. 1993లో మొదలైన కళాకారుల సంఘానికి తరవాత తొలి మహిళా అధ్యక్షురాలయింది. తాను నాలుగేళ్ళకే సంపాదించవలసి వచ్చినది కనుక, కడుపు మాడ్చుకుని పాడే పిల్లలెవరైనా ఎదురైతే ఆమె చూపు తిప్పుకోలేకపోయేదని నేననుకుంటాను.

ఆ తరవాత 2003 వచ్చింది.

ఆ ఏడు మార్చిలో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం వ్యాపించింది. కరోనా రోజుల్లో అందరికీ ముఖానికి గుడ్డ కట్టుకోవడం అలవాటైంది గానీ, అప్పట్లో నాకు అది కొత్త భయం. ఎమోయ్ గార్డెన్స్ అనే భవన సముదాయంలో మూడు వందల మందికి పైగా జబ్బు పడ్డారన్న వార్తతో మా భవనంలో ఎవరూ లిఫ్టు బొత్తాం వేలితో నొక్కడం మానేశారు. ఏప్రిల్ 1న లెస్లీ చెంగ్ ఆత్మహత్య చేసుకున్నాడు. తారీఖు చూసి చాలామంది అబద్ధమనుకున్నారు. మూయ్ చేకు తోబుట్టువులాంటి స్నేహితుడతను. కిందటేడే ఇద్దరూ కలిసి ఒక యుగళగీతం పాడారు. మా వంటింటి కిటికీకి అవతల ఆ వారమంతా పాట వినిపించలేదు.

ఒక పాలు బ్లీచుకు 99 పాళ్ళ నీళ్ళు కలిపి ఇల్లు తుడవమని ప్రభుత్వం చెప్పింది. రోజూ పొద్దున్నే నేను ఒక పాత అల్యూమినియం గిన్నెతో కొలిచి బకెట్టులో కలిపి మా గది, మా గుమ్మం, పోపో గుమ్మం తుడిచేదాన్ని. ఆ వాసన చేతులకు ఎంత పట్టిందంటే అన్నం కలుపుకుంటుంటే కూడా అదే తెలిసేది. మే 24న మూయ్ చే కళాకారులందరినీ కూడగట్టి, సార్స్ బాధిత కుటుంబాల కోసం హాంకాంగ్ స్టేడియంలో కచేరీ పెట్టింది. దాని పేరు ‘1:99’. టెలివిజన్‌లో ఆ అంకెలు చూడగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరంతా ఏ నీళ్ళతో చేతులు పగిలేలా తుడుచుకుంటున్నదో, దానినే ఆమె కచేరీకి పేరుగా పెట్టింది. ఆ అంటురోగం వెళ్ళిపోయేసరికి హాంకాంగ్‌లో 299 మంది పోయారు.

సెప్టెంబరు 5న తనకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని ఆమె స్వయంగా విలేకరులకు చెప్పింది. లై యున్ వేదిక మీద చెయ్యి పట్టుకుని పాడిన అక్క ఓయ్ ఫాంగ్‌ను 2000 ఏప్రిల్‌లో తీసుకుపోయినదీ అదే జబ్బు. గెలుస్తానని చెప్పింది. అక్టోబరులో నలభై ఏళ్ళు నిండాయి. నవంబరులో కోలీజియంలో ఎనిమిది రాత్రులు పాడతానంది.

టిక్కెట్ల కోసం పోపో మనవరాలు ఎంతో ప్రయత్నించింది, దొరకలేదు. చివరి కచేరీ నవంబరు 15, శనివారం. ఆ రాత్రి పోపో దుప్పట్టా లాంటి ఊలు కండువా కప్పుకుని మా తలుపు తట్టి, నడువు అన్నట్టు తలాడించారు. ఇద్దరం మెల్లగా నడిచి కోలీజియం దగ్గర కాంక్రీటు మెట్ల మీద కూర్చున్నాం. మాలాగే వచ్చినవారు చాలామంది ఉన్నారు. లోపలి నుంచి మాటలు వినబడవు. డప్పు అదురు ఒకటీ, చప్పట్ల హోరు ఒకటీ గోడల్లోంచి వచ్చేవి. ఒక దశలో ఆ అదురూ ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. పోపో నా చెయ్యి పట్టుకున్నారు. తరవాత తలుపులు తెరుచుకుని జనం బయటికి రావడం మొదలైంది. కచేరీ నుంచి వచ్చే గుంపు అంత నిశ్శబ్దంగా నడవడం నేను మళ్ళీ చూడలేదు. చెప్పుల చప్పుడు, రైలు స్టేషను ప్రకటన తప్ప ఇంకేమీ లేదు.

లోపల జరిగింది ఆ తరవాత వీడియోలో చూశాం. ఎడ్డీ లావ్ కుట్టిన తెల్లని పెళ్ళి గౌను వేసుకుని వచ్చింది. పెళ్ళి చేసుకుని ఒక ఇల్లూ పిల్లలూ ఉండాలన్న కోరిక తీరలేదని, తాను వేదికను, తన శ్రోతలను పెళ్ళాడానని చెప్పుకుంది. చివరగా అస్తమించే సూర్యుడి పాట పాడింది. ఆ గొంతులో శక్తి లేదు. అక్కడక్కడ ఊపిరి అందక మాట ఆగింది. కానీ పదిహేనేళ్ళ వయసులో పోగొట్టుకోగా మిగిలిన ఆ మంద్రం మాత్రం చెక్కు చెదరలేదు. పాట అయ్యాక పొడుగాటి మేలిముసుగు వెనక జీరాడుతుండగా మెట్లెక్కి, పైన తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపి “బై బై” అంది.

నలభై అయిదు రోజులకు, డిసెంబరు 30 తెల్లవారుజామున, ఆమె పోయింది. ఆ పొద్దున్న నేను పాలు కాచుకుంటుండగా పక్కింటి కిటికీలోంచి రేడియో వార్త, దాని వెంటనే ఆ పాట వినిపించాయి. ఆ రోజు ఏ ఇంటి కిటికీలోంచైనా అదే పాట. భవనం నడుమనున్న ఆ బావిలో పై అంతస్తు పాట, కింది అంతస్తు పాట ఒకదానికొకటి అందకుండా, ఒక్కో పంక్తి తేడాతో సాగాయి. జనవరిలో నార్త్ పాయింట్‌లో అంత్యక్రియలు జరిగిన రోజున పోపో వెళ్ళగలిగే స్థితిలో లేరు. మనవరాలు వెళ్ళి తిరిగి వచ్చి, రోడ్డుకు ఇరువైపులా మనుషులే అని మాత్రం చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయింది. అస్థికలను లాంటావ్ దీవిలోని పో లిన్ మఠంలో ఉంచారు.

2005లో మేము హైదరాబాదు వచ్చేశాం. మళ్ళీ 2015 జనవరిలో మా అమ్మాయిని తీసుకుని వెళ్ళినప్పుడు, చిమ్ షా చోయ్ ఒడ్డున కిందటి సెప్టెంబరులో ప్రతిష్ఠించిన ఆమె కంచు విగ్రహం చూశాను. దాని పాదాల దగ్గర ఎవరో పెట్టిపోయిన పూలున్నాయి. ఆ మధ్యాహ్నం మనవరాలు నన్ను పోపో ఉంటున్న వృద్ధాశ్రమానికి తీసుకువెళ్ళింది. ఆవిడకు తొంభై దగ్గరపడింది. చూపు బాగా తగ్గింది, మనుషులను పోల్చుకోవడం కూడా తగ్గిందని దారిలోనే చెప్పింది. నన్ను గుర్తు పట్టలేదు. నేను నా పాత నోటు పుస్తకం తీసి, మంచం పక్కన కూర్చుని, తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఆ పాట పేరు చదివాను. ‘చిక్ యోంగ్’ అన్నాను. సంధ్యాసూర్యుడి అక్షరాలు రెండూ కిందిస్వరాలు. పదేళ్ళుగా పలకకపోవడం వల్ల నేను రెండోదాన్ని కొంచెం ఎత్తి పలికినట్టున్నాను. దుప్పటి మీద నుంచి పోపో చూపుడువేలు మెల్లగా లేచి, గాలిలో కిందికి దిగి, అక్కడే నిలిచి నాకోసం ఆగింది. మళ్ళీ సరిగా పలికాను. అప్పుడు ఆ వేలు ‘చీ కో’ కోసం పైకి లేచింది.